అమ్మ చేతికి చిక్కిన కెమెరా

కొళవల్లిలో ఉత్తమన్ ఫోటో తియ్యని పెళ్ళి లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో ఎవరి మెడలో తాళి పడ్డా ముందు ఉత్తమన్ కెమెరా చూడాల్సిందే, ఆ తర్వాతే కన్నవాళ్ళు. తాళి కట్టే ఘడియకి ఎక్కడ నిలబడాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. నిలబడ్డాక ఎవరూ కదిలించలేరు కూడా. అంతటివాడికి ఒక్క ఫోటో మాత్రం మూడేళ్ళుగా చిక్కకుండా తిరుగుతోంది.

ఆ ఫోటో అడిగింది మాధవి. ఆమె మొగుడు చిండన్ పెరువణ్ణాన్ ఆ ఊరి కావులో, అంటే చెట్లతోపులో ఉన్న అమ్మవారి గుడిలో, భగవతి తెయ్యం కట్టే మనిషి; వేషం కట్టి ఆమెనే ఒంటి మీదికి తెచ్చుకుంటాడు. ఏటా కుంభమాసంలో ఉపవాసాలుండి, ముఖానికి ఎర్రరంగు రాయించుకుని, తల మీద మనిషెత్తు కిరీటం కట్టించుకుని, గుడి ముందు పీట మీద కూర్చుని చిన్న చేతి అద్దంలోకి చూసుకుంటాడు. చూసుకునేదాకా చిండన్. చూసుకున్నాక అమ్మ. ఆ రెంటికీ మధ్య ఉండేది గట్టిగా నాలుగు క్షణాలు.

"నాకా నాలుగు క్షణాలు కావాలి," అంది మాధవి మూడేళ్ళ కిందట స్టూడియోకొచ్చి. "అమ్మయ్యాక తీసినవి ఊరంతా ఉన్నాయి, కిరాణా కొట్టు క్యాలెండర్ మీద కూడా ఉన్నాయి. ఉత్త చిండన్ ఫోటో నాకెందుకు, రోజూ ఇంట్లో ఉంటూనే ఉన్నాడు. ఈయన వెళ్ళిపోయి ఆమె వచ్చే ఘడియ ఉంది చూడు, అది నేను ఒక్కసారీ చూడలేదు. ఆ టైముకి వెనక పాకలో ఆయనకి గంజి కాస్తుంటాను."

"అదెంత పని ఏడత్తీ," అన్నాడు ఉత్తమన్. అక్కడ వదినని అలాగే పిలుస్తారు.

మొదటి ఏడు సరిగ్గా అద్దం పైకి లేచే సమయానికి ముందున్న పెద్దమనిషి ఎండ తగులుతోందని గొడుగు విప్పాడు. రెండో ఏడు గల్ఫు నుంచి సెలవుకొచ్చినవాడు పీటంత టాబ్లెట్ పట్టుకుని రెండు చేతులూ ఎత్తాడు. ఉత్తమన్ ఫోటోలో అమ్మ లేదు, టాబ్లెట్‌లో ఉన్న అమ్మ ఉంది, అదీ అడ్డంగా. మూడో ఏడు కావు కార్యదర్శి రైరు నంబియార్ మైకు సరిచెయ్యడానికి వచ్చాడు. రైరు నంబియార్ ఎవరు ఫోటో తీస్తున్నా అందులోకి ఏదో ఒకటి సరిచెయ్యడానికి వస్తాడు.

ఇది నాలుగో ఏడు, ఇదే ఆఖరు కూడా. చిండన్ మోకాళ్ళు రెండూ పోయాయి. ఆ బరువు ఇంక నెత్తినెత్తుకుంటే మంచం దిగవని డాక్టరు చెప్పేశాడు. వచ్చే ఏడు నుంచి మేనల్లుడు కడతాడు.

అందుకని ఉత్తమన్ పొద్దున్న ఆరింటికే వచ్చి పీటకి ఎదురుగా, తాడు కట్టిన హద్దుకి ఆనుకుని చోటు పట్టాడు. టీ తాగడానికి కూడా కదల్లేదు. ఎవరో అరటిపండు బజ్జీ తెచ్చిస్తే నిలబడే తిన్నాడు.

తొమ్మిదింటికి బెంగుళూరు నుంచి ఒక వ్యానొచ్చింది. అందులోంచి పన్నెండు మంది దిగారు. అందరికీ ఒకే రకం జేబుల కోటు, ఒక్కొక్కరి చేతిలో ఒక మడత స్టూలు. వాళ్ళకి ఫోటోలు నేర్పించే మాస్టారు ఒకాయన, చేటంత టోపీతో. అందరూ ఆయన్ని 'సర్' అంటున్నారు. సర్ వచ్చి ఉత్తమన్‌కి ముందు, తాడు లోపల నిలబడ్డాడు.

"సార్, ఇక్కడ ఆరింటి నుంచీ నేనున్నాను," అన్నాడు ఉత్తమన్.

"మంచిది. అయితే ఈపాటికి చాలానే తీసుకుని ఉంటారు. మావాళ్ళు దూరం నుంచి వచ్చారు."

"తెయ్యం ఇంకా రాలేదు కద సార్. ఏం తీస్తాను, ఖాళీ పీటనా?"

"ఖాళీ పీట చాలా మంచి సబ్జెక్టు," అన్నాడు సర్ శిష్యుల వైపు తిరిగి. పన్నెండు మందీ స్టూళ్ళెక్కి ఖాళీ పీటని ఫోటో తీశారు.

వాళ్ళు చాలరన్నట్టు కొచ్చి నుంచి జితిన్ అనే కుర్రవాడొచ్చాడు. బారెడు కర్రకి ఫోను బిగించుకుని, గుడికి వీపు పెట్టి, తన మొహం తనే చూసుకుంటూ మాట్లాడుతున్నాడు. "ఫ్రెండ్స్, నేనిప్పుడు ఎక్కడున్నానో చెప్పుకోండి చూద్దాం."

"ఎక్కడున్నాడో తెలీకుండానే వచ్చాడా పాపం," అన్నాడు చెండ డోలు వాయించేవాడు పక్కవాడితో.

"మోనే, వెనక దీపం ఉంది, చొక్కా అంటుకుంటుంది," అన్నాడు రైరు నంబియార్. మోనే అంటే బాబూ అని.

"ఒక్క నిమిషం అంకుల్, లైవ్‌లో ఉన్నా."

"లైవ్‌లోనే కాలిపోతావు, జరుగు."

జితిన్ జరిగాడు. జరిగి సరిగ్గా ఉత్తమన్‌కీ పీటకీ మధ్యకి వచ్చి ఆగాడు. ఉత్తమన్‌కి ఒళ్ళు మండిపోయింది. లోకంలో ఎదుటివాడి కళ్ళకి అడ్డం నిలబడకూడదన్న ఇంగితం ఒక్కరికీ లేకుండా పోయిందే అనుకుంటూ, టోపీకీ కర్రకీ మధ్య సందు వెతుక్కుంటూ బొటనవేళ్ళ మీద లేచాడు.

వెనక నుంచి ఎవరో చేతికర్రతో అతని పిక్క మీద పొడిచారు. తిరిగి చూస్తే ప్లాస్టిక్ కుర్చీలో చిరుతేయి అమ్మమ్మ. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఊరి కొబ్బరితోటల్లో సగం ఆవిడవే.

"ఒరే ఉత్తమా, నీ వీపు చూడ్డానికా నేను పొద్దున్నే తలంటుకుని వచ్చింది?"

"ఐదు నిమిషాలు అమ్మమ్మా. ఒకే ఒక్క ఫోటో. మాధవేడత్తికి మాటిచ్చాను."

"మా మనవరాలి పెళ్ళిలోనూ ఐదు నిమిషాలే అన్నావు. ఆ రోజు నీ చొక్కా వెనక చెమట మరక ఏ ఆకారంలో ఉందో ఇప్పుడడిగినా ముగ్గేసి చూపిస్తాను. తాళి ఎలా కట్టారో మాత్రం తెలీదు."

"ఆల్బంలో ఉందిగా."

"ఆల్బంలో చూసుకునేదానికి పెళ్ళికి రావడమెందుకురా? తిన్నగా నీ స్టూడియోకే వచ్చేదాన్ని కదా, పట్టుచీర నలక్కుండా."

ఉత్తమన్ మళ్ళీ పీట వైపు తిరిగాడు. తను నిలబడడం వేరు, వీళ్ళు నిలబడడం వేరు. తనది పని. ఆ సంగతి ఈ ముసలావిడకి ఎలా చెప్పేది?

చెండలు ఒక్కసారి జోరందుకున్నాయి. పాకలోంచి చిండన్‌ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. నలుగురు కలిసి కిరీటం ఎత్తి తలకి కట్టడం మొదలుపెట్టారు. పన్నెండు మంది స్టూళ్ళెక్కారు. సర్ టోపీ పైకి లేచింది. జితిన్ కర్ర ఇంకా పైకి లేచింది. ఉత్తమన్‌కి ఎర్రటి కిరీటం కొన మాత్రం కనిపిస్తోంది.

అక్కడే ఉంటే నాలుగో ఏడూ పోయినట్టే. చూశాడు, చూశాడు, ఉన్న చోటు వదిలేసి పరుగందుకున్నాడు. గుడి చుట్టూ తిరిగి, చెండల వెనక నుంచి దూరి, కాగడాలవాడి చంక కింద నుంచి బయటపడి, పీట పక్కకి, ఇంకొంచెం వెనకకి చేరాడు. అక్కడికి కావు పెద్దలు తప్ప ఎవరూ రాకూడదు. ఆ సంగతి ఉత్తమన్‌కి పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాలుగు క్షణాల పనే కదా అనుకున్నాడు.

చిండన్ ఎడంచేత్తో అద్దం ఎత్తాడు. ఉత్తమన్ కెమెరాని చిండన్ కుడి భుజం మీదుగా, చెంపకి జానెడు దూరంలోకి చాపి, కంటితో చూడకుండానే మీట నొక్కాడు. టకటకటకమని పదిసార్లు పడింది.

పీట మీద మనిషి వణకడం మొదలైంది. పాదాల గజ్జెలు ఘల్లుమన్నాయి. మోకాళ్ళు పోయిన మనిషి మోకాళ్ళ సంగతే తెలీనట్టు లేచాడు. ఇంక అతను చిండన్ కాడు. కుడిచెయ్యి పక్కకి చాచింది అమ్మ. ఆ చేతికి కెమెరా తగిలింది. పట్టుకుంది.

ఉత్తమన్ వదల్లేదు. అలవాటు మరి. అమ్మ ఒక్కసారి తిరిగి అతని కళ్ళలోకి చూసింది. అప్పుడు వదిలాడు.

"నీవు తెచ్చినది మా మనసుకు నచ్చింది," అంది అమ్మ, ఆ ఎత్తైన గొంతుతో. "నీకూ నీ ఇంటివారికీ మేలు కలుగుతుంది."

ఆ కావులో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. అమ్మ చేతిలోకి వెళ్ళింది ఏదైనా అమ్మకి ఇచ్చినట్టే, తిరిగి రాదు. పనసకాయలు, అరటిగెలలు, కోడిపుంజులు ఏటా వెళ్తాయి. ఒకసారి వంగి దణ్ణం పెట్టబోయిన తాలూకా ఆఫీసరుగారి కళ్ళజోడు వెళ్ళింది. అవన్నీ మధ్యాహ్నం వేలం వేస్తారు. ఆ వేలంలో రూపాయి మాట రాకూడదు, కొబ్బరికాయలతోనే పాడాలి. పాడుకున్నవాడు ఓణం పండగ లోపల అన్ని కాయలూ కావు వంటశాలకి తోలాలి.

అమ్మ అద్దం ఇచ్చేసి ఒక చేత కత్తి, ఒక చేత కెమెరా పట్టుకుని గుడి చుట్టూ మూడుసార్లు ఆడింది. పట్టీ గాలిలో ఊగుతోంది. మూత ఎక్కడో పడిపోయింది. పసుపుబియ్యం ఆ కెమెరా మీద కూడా పడ్డాయి.

"అద్భుతమైన సబ్జెక్టు," అన్నాడు సర్. పన్నెండు మందీ తీశారు.

అమ్మ ఆట ముగిసి పీట ఖాళీ అయ్యాక ఉత్తమన్ రైరు నంబియార్ని పట్టుకున్నాడు. "ఏట్టా," అన్నాడు, అక్కడ అన్నని పిలిచినట్టు. "పొరపాటున జరిగింది. నేనిచ్చింది కాదు."

"పొరపాటు ఎవరిది? అమ్మదా?"

"అయ్యో, అమ్మదెందుకవుతుంది. నాదే."

"నీ పొరపాటుకి అమ్మెందుకు తిరిగివ్వాలి?" అన్నాడు రైరు నంబియార్. తప్పుపట్టడానికి వీల్లేని మాట. "అసలు నువ్వక్కడికి ఎలా వచ్చావని కమిటీ అడగాలి. అడగట్లేదు. సంతోషించు."

ఉత్తమన్ పాక దగ్గరికి వెళ్ళాడు. కిరీటం విప్పేసిన చిండన్ సగం మొహం ఎరుపు, సగం మొహం మామూలుగా, కాళ్ళు చాపుకుని గంజి తాగుతున్నాడు.

"చిండేట్టా, నా కెమెరా తీసుకున్నారు."

"నేనెక్కడ తీసుకున్నానురా?"

"మీ చేత్తోనే కద."

"చెయ్యి నాదే. తీసుకున్నది ఆమె. ఆమె చేసినవాటికి నన్నడిగితే నేనేం చెప్పను? ఆ తైలం సీసా ఇటందుకో, మోకాళ్ళు లాగేస్తున్నాయి."

గంజి కుండ దగ్గర నుంచి మాధవి తలెత్తింది. "ఫోటో పడిందా?"

"నొక్కాను ఏడత్తీ. పడిందో లేదో చూళ్ళేదు."

"ఎక్కడుంది?"

"వేలంలో."

మాధవి గరిటె కుండలో పెట్టి, చేతులు తుడుచుకుని, అతని వెనకే బయల్దేరింది.

ఉత్తమన్‌కి ఉన్నవి మూడు కొబ్బరిచెట్లు. అందులో ఒకదానికి పురుగు పట్టింది. పనసకాయలూ పుంజులూ అయ్యాక రైరు నంబియార్ మైకు ముందు కెమెరా ఎత్తి చూపించాడు. "నల్ల కెమెరా ఒకటి. మూత లేదు, పట్టీ ఉంది. అమ్మ చేతిలో మూడు చుట్లు ఆడినది."

"పది కాయలు," అన్నాడు ఉత్తమన్. చుట్టూ దీనంగా చూశాడు. అంతా తెలిసినవాళ్ళే. తన మీద ఎవరు పాట పెంచుతారు, ఊరివాడి కెమెరా ఊరివాడికి రాకేం చేస్తుంది అనుకున్నాడు.

"ఇరవై," అన్నాడు కరుణాకరన్ మాస్టారు, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆయన.

"మాష్, మీకు కెమెరా ఎందుకు?"

"ఎందుకా? మా తమ్ముడి పెళ్ళిలో 'మాష్, కాస్త పక్కకి, మాష్, ఇంకాస్త పక్కకి' అంటూ నన్ను వంటింటి దాకా తోశావు. ఆల్బంలో నేను లేను. పెళ్ళి పెద్దని నేను. పాయసం వడ్డించేవాడు ఉన్నాడు."

నవ్వులు లేచాయి. ఆ నవ్వులతో జనానికి ధైర్యమొచ్చింది.

"ముప్పై," అంది పోయినేడు పెళ్ళయిన ప్రసీత, చంటిదాన్ని భుజం మార్చుకుంటూ. "భోజనాల దగ్గర ఒకే ముద్దని మా ఆయన చేత నాలుగుసార్లు పెట్టించాడు. నమలద్దు, నమలద్దు అంటాడు. నాలుగోసారికి నాకు వాంతి వచ్చింది. అది కూడా తీశాడు."

"ముప్పై ఒకటి," అన్నాడు ఉత్తమన్.

"మా నాన్న శవం దగ్గర అందర్నీ ఇటు చూడమన్నాడు," అన్నాడొకడు వెనక నుంచి. "నలభై."

"ఆన్‌లైన్లో కట్టొచ్చా అంకుల్?" అన్నాడు జితిన్ కర్ర ఎత్తి.

"కాయలు కూడా ఆన్‌లైన్లోనే కాయించి పంపించు," అన్నాడు రైరు నంబియార్.

సర్ శిష్యులు వేలం తియ్యడానికి మళ్ళీ స్టూళ్ళెక్కారు. వెనకవాళ్ళు దిగండి దిగండి అని అరిచారు. ఆ అరుపుల్లో ఉత్తమన్ కూడా ఉన్నాడు. "యాభై," అన్నాడు.

"ఎక్కడి నుంచి తెస్తావురా? నీ చెట్లకి ఏడాదికి యాభై కాయవు," అన్నాడు రైరు నంబియార్ మైకులోనే.

"రెండొందలు," అంది చిరుతేయి అమ్మమ్మ కుర్చీలోంచి.

ఆ పైన పాట లేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కెమెరా తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, వాసన కూడా చూసింది.

ఉత్తమన్ కుర్చీ ముందుకి వెళ్ళాడు. "అమ్మమ్మా, కెమెరా మీదే. కాదనను. అందులో ఒక్క ఫోటో..."

"ముందు కూర్చో. నిలబడ్డావంటే నా కళ్ళకి అడ్డం."

కూర్చున్నాడు, మట్టిలోనే. మాధవి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. ఎక్కడ నొక్కాలో ఉత్తమన్ చెప్పాడు, చిరుతేయి నొక్కింది. మొదటివి ఆరు కాగడా పొగ. ఏడోది కిరీటం అంచు. ఎనిమిదోది కనపడగానే ముగ్గురూ ఆగిపోయారు.

మధ్యలో చేతి అద్దం. అద్దంలో రెండు కళ్ళు. వాటిలో చిండన్ ఉన్నాడు, లేడు. అద్దానికి అవతల మొత్తం జనం, సర్ టోపీ, జితిన్ కర్ర, స్టూళ్ళ మీద పన్నెండు కోట్లు. ఆ కోట్ల కాళ్ళ సందులోంచి, ఇంతకుముందు ఉత్తమన్ నిలబడ్డ చోట, ఒక ముసలావిడ మెడ సాచి చూస్తోంది. నోరు తెరుచుకుని ఉంది.

"ఎవరిది ఈ ముసలిది?" అంది చిరుతేయి.

"మీరే అమ్మమ్మా."

"నోరెందుకట్లా తెరిచింది?"

"అమ్మని చూశారు కద."

"చూశాను. నువ్వు పరిగెత్తిపోయావుగా. అందుకని కనిపించింది," అంది.

మాధవి పైట చెంగుతో తెర మీది పసుపుబియ్యం తుడిచి మళ్ళీ చూసింది. "ఇదే," అంది చివరికి. "ఇదే నేనడిగింది."

చిరుతేయి కెమెరా ఒళ్ళోకి లాక్కుంది. "ఇది నా ఇంట్లో ఉంటుంది. పెళ్ళి ఉన్న రోజు వచ్చి పట్టుకెళ్ళు, సాయంత్రం తెచ్చిపెట్టు. తాళి కట్టేటప్పుడు కింద కూర్చుని తీస్తావు. కూర్చోలేదని తెలిసిందా, మర్నాడు నా గుమ్మం ఎక్కక్కర్లేదు."

"కింద నుంచి తీస్తే అందరికీ గడ్డాలే పడతాయి అమ్మమ్మా."

"పడనీ. కన్నవాళ్ళకి మొహాలు కనపడతాయి."

మూడో రోజున ఉత్తమన్, అమ్మమ్మ కెమెరాలోంచి దింపుకున్న ఆ ఫోటోని పెద్దగా అచ్చువేసి చిండన్ ఇంటికి పట్టుకెళ్ళాడు. చిండన్ మోకాళ్ళకి తైలం గుడ్డలు చుట్టుకుని అరుగు మీద ఉన్నాడు. ఫోటో అందుకుని చేతులు బారుగా చాపి చూశాడు, దగ్గరికి తెచ్చుకుని చూసి పెళ్ళానికిచ్చాడు.

"ఇది ఊరికే చూడ్డానికి తెచ్చాను ఏడత్తీ," అన్నాడు ఉత్తమన్. "చట్రం కట్టే ముందు కంప్యూటర్లో శుభ్రం చేసిస్తాను. ఈ టోపీ, ఈ కర్ర, ఈ స్టూళ్ళవాళ్ళు, ఒక్కరూ ఉండరు. ఉత్త చిండేట్టనూ అద్దమూ ఉంటాయి."

"ఎందుకు?" అంది మాధవి. "వచ్చినవాళ్ళని రాలేదంటామా? నలభై రెండేళ్ళూ ఈయన ఈ తొక్కిసలాటలోనే కద అమ్మయ్యాడు. ఉండనీ అందర్నీ."

ఫోటోని వెలుతురు కోసం గుమ్మంలోకి తీసుకెళ్ళింది. వేలితో ఒక్కొక్కళ్ళనీ తడుముతూ చూసింది. అద్దం దగ్గరికొచ్చాక వేలు ఆగింది.

"ఇదేంటి, ఆయన చెంపని ఆనుకుని నల్లగా?"

ఉత్తమన్ వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. అమ్మ చెంప పక్కన, అద్దంలోనే, పిడికెడు నల్లటి పెట్టె. దాన్ని పట్టుకున్న చెయ్యి, చేతికి గడియారం. మూడు రోజులుగా ఎంత పెద్దది చేసి చూసినా అతని కంటికి అది కనపడలేదు.

"అది నేను ఏడత్తీ," అన్నాడు.

మాధవి ఇంకోసారి చూసి ఫోటో అతని చేతిలో పెట్టింది.

"ఇదొక్కటీ తీసెయ్యి," అంది.